నూకరాజు మోచెయ్యి

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ మొదట అడిగింది కంగారూని చూశావా అని. చూశాను. రోడ్డు పక్కన చచ్చి పడి ఉంది. దాని గురించి అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను వెళ్ళింది నూకరాజు కోసం. పన్నెండు రోజులకని వెళ్ళాను, ఒక మాట చెప్పి రావడానికి. ఆ మాట నోటికి రావడానికి పదకొండు రోజులు పట్టింది.

నేను విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. సాయంత్రాలు కుంగ్‌ఫూ నేర్పుతాను. నూకరాజూ నేనూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. ఆయన రంగూన్ నుంచి తిరిగొచ్చిన తెలుగాయన, అక్కడ పొరుగింటి చైనా వాళ్ళ దగ్గర ఈ విద్య పట్టారు. ఇందులో రెండు దారులున్నాయని మాకు చెప్పేవారు. బయటి విద్య కండతో, ఎముకతో, వేగంతో మొదలవుతుంది. బకెట్టులో ఇసక పోసి వేళ్ళు పొడవాలి, పిడికిలి కాయలు కాయాలి. లోపలి విద్య ఊపిరితో, నడుముతో, ఒళ్ళు వదులు చేసుకోవడంతో మొదలవుతుంది. ఎదుటివాడి బలానికి అడ్డం పడకుండా, వాడి చెయ్యి తగిలిన చోటు నుంచే ఎటు తోయబోతున్నాడో కనిపెట్టాలి. ముదిరాక రెండూ ఒకటేనని కూడా ఆయనే అనేవారు గాని, ఆ ముక్క నా చెవికెక్కలేదు. పొద్దున్నే బీచికి వస్తే మెత్తటి విద్య నేర్పుతానని ఇద్దర్నీ పిలిచారు. నూకరాజు వెళ్ళాడు. అది ముసలాళ్ళ కసరత్తని నవ్వి, నేను ఇసక బకెట్టు దగ్గరే ఉండిపోయాను.

ఇరవై ఆరేళ్ళ కిందట మా గురువుగారి బడి వార్షికోత్సవంలో ఇద్దరం స్టేజీ ఎక్కి తలపడ్డాం. నిజానికి అది నాటకం, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో ముందే అనుకున్నది. నా గుద్దును నూకరాజు అరచేత్తో అలవోకగా పక్కకు మళ్ళించేసరికి జనం ఈలలు వేశారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాతి పట్టులో వదలాల్సిన చోట నేను వదల్లేదు. వాడి ఎడమ మోచెయ్యి విరిగింది. ఆస్పత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడి, "నీ విద్య నిజమైనదైతే తప్పించుకునేవాడివి" అన్నాను. క్షమించరా అనలేదు. నాలుగేళ్ళ తర్వాత వాడు షిప్‌యార్డు ఉద్యోగం మానేసి మెల్‌బోర్న్ వెళ్ళిపోయేటప్పుడూ అనలేదు. పండగలకు ఫోన్లు చేసుకునేవాళ్ళం. మీ దగ్గర ఎండలెలా ఉన్నాయి, మీ దగ్గర చలెలా ఉంది, అంతే.

పోయినేడు వాడి భార్య సరోజిని ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, పార్కిన్సన్స్ అని తేల్చేరు. ఒళ్ళు బిగుసుకుపోతంది. ఓపాలి వచ్చి చూసెల్లండి" అంది. ఒళ్ళు వదులు చేసుకోవడమే బతుకుగా బతికినవాడికి ఒళ్ళు బిగుసుకుపోయే జబ్బు. ఆ వారమే పాస్‌పోర్టుకు పెట్టుకున్నాను.

విమానాశ్రయంలో సీసా

నా సంచిలో రెండే విశేషాలు. ఒకటి మాడుగుల హల్వా. రెండోది గురువుగారి మందు. ఏవో వేళ్ళూ బెరళ్ళూ సారాయిలో నెలల తరబడి నానబెట్టిన నల్లటి ద్రవం, పిడికిళ్ళ నొప్పులకు మేము రాసుకునేది. నూకరాజు మోచేతికి రాద్దామని స్వయంగా కాచాను. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తిండి వస్తువులూ మొక్కల వస్తువులూ ఉంటే కాగితం మీద రాయాలి. రాసి ఇచ్చాను.

పాతికేళ్ళ అమ్మాయి నా సంచి విప్పింది. హల్వా వాసన చూసి పక్కన పెట్టేసింది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అడుగున వేరు ముక్కలు కదులుతున్నాయి.

"ఇది దేనికి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"స్నేహితుడి మోచేతికి."

"దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"ఇరవై ఆరేళ్ళయింది" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహం వంక చూసింది. తర్వాత సీసాను డబ్బాలో పడేసి, "సారీ సర్" అంది. ఆ దేశంలో నాకు వినిపించిన మొదటి క్షమాపణ అది. పరాయిపిల్ల నాకు ఎంత తేలిగ్గా చెప్పేసింది అనుకుంటూ హల్వా పట్టుకుని బయటికి నడిచాను.

పాయింట్ కుక్

నూకరాజు కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ తీగలా ఊగుతూ నడిచేవాడు, చేతులు రెండూ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు కనపడని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు కదులుతున్నాయి. మొహంలో ఏ భావమూ లేదు. నేను వచ్చినందుకు సంతోషం లేదేమో అనుకున్నాను.

"ఏరా, ముసిలోడివైపోనావు" అన్నాడు. కాసేపటికి పెదవి కొంచెం కదిలింది. "నాను ఎప్పుడో నవ్వీసేనురా. అది మొగం మీదికి రావడానికి లేటవుతంది."

కారు నడిపింది కూతురు స్వాతి, ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. "అంకుల్, నాన్నకి కొంచెం చెప్పండి. వాకర్ యూజ్ చెయ్యమంటే హీ జస్ట్ వోంట్ లిజన్. నాకు ఈ ఆర్వో, అదే మధ్యాహ్నం, షిఫ్ట్ ఉంది, మిమ్మల్ని డ్రాప్ చేసి వెళ్ళిపోతా" అంది. అంకుల్ మాటా వినడని అంకుల్‌కి తెలుసు.

మెల్‌బోర్న్ శివారు ఈ పాయింట్ కుక్‌లో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. అదే బూడిదరంగు కప్పు, అదే గ్యారేజీ తలుపు, అదే గుప్పెడు గడ్డి. మర్నాడు పొద్దున్నే నడకకు వెళ్ళి దారి తప్పాను. కుక్కతో వెళ్తున్న ఒకావిడ "హౌ యూ గోయింగ్?" అని పలకరించింది. అడిగింది కదాని నిలబడి నా సంగతి చెప్పబోయాను. ఆవిడ అప్పటికే రెండిళ్ళు దాటిపోయింది. ఇక్కడ అది ప్రశ్న కాదట, దండం పెట్టడం లాంటిదట. గుమ్మానికి మామిడాకుల తోరణం చూసి మనదేనని ఒక తలుపు కొట్టాను. కడపాయన తీశాడు. "యా ఇల్లు అనుకుంటివి అంకుల్? ఈ వీధిలో నాలుగిండ్లకు తోరణాలుండాయి" అని కాఫీ ఇచ్చి దిగబెట్టాడు.

ఇంట్లో నూకరాజు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఐదు గుండీలకు పావుగంట. సాయం చెయ్యబోతే సరోజిని కళ్ళతోనే వద్దంది. ఎడమచెయ్యి పూర్తిగా చాపుకోదు, మోచేతి దగ్గర ఇప్పటికీ వంకరే. చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఇక్కడ చలి బానే ఉందిరా" అన్నాను.

చెరువు పక్క పార్కు

వారానికి నాలుగు రోజులు పొద్దున్నే నూకరాజు చెరువు పక్క పార్కుకు వెళ్తాడు. అక్కడ మిసెస్ లియాంగ్ అనే డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ పదిమందికి తైచీ నేర్పుతుంది. తైచీ అంటే లోపలి విద్యలో అందరికీ తెలిసినది. ఆవిడ పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ వేణ్ణీళ్ళ ఫ్లాస్కు.

పార్కులో అడుగుపెడుతూనే నలుపూ తెలుపూ కలిసిన కాకంత పక్షి ఒకటి వెనకనుంచి వచ్చి నా బుర్ర మీద టంగుమని కొట్టింది. మాగ్‌పై అట. అక్టోబరులో గుడ్లు పెట్టుకుని దారేపోయేవాళ్ళందర్నీ తంతుందట. రెండోసారి వచ్చినప్పుడు నేను ముంజేత్తో గట్టిగా అడ్డుకున్నాను. అది కింద నుంచి వచ్చి చెవి పట్టుకు లాగింది. నూకరాజు మొహం మీదికి నవ్వు రావడానికి చెట్టు దాటే దాకా పట్టింది.

నేనెవరో తెలిసి మిసెస్ లియాంగ్ పిడికిలిని అరచేత్తో కప్పి నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. వెంటనే మణికట్టు ముందుకు చాపింది. తోపుడు చేతులకు పిలుస్తోందన్నమాట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మణికట్టుకు మణికట్టు ఆనించి నెమ్మదిగా తిప్పుతారు. కొట్టడం ఉండదు, ఎవరి కాలు కదిలితే వాళ్ళు ఓడినట్టు. ముసలావిడ కదాని ఒక మోస్తరుగా తోశాను. నేను తోసిన చోట ఆవిడ లేదు. మంచుకు తడిసిన గడ్డిలో రెండు మోకాళ్ళ మీదా పడ్డాను.

ఆవిడ నన్ను చూసి, "యూ టాక్ టూ లౌడ్" అంది. నేను నోరు విప్పితే కదా.

"నీ చెయ్యి అరుస్తందట" అన్నాడు నూకరాజు.

ఫ్లాస్కులోంచి అందరికీ వట్టి వేణ్ణీళ్ళు పోసింది. చైనా వాళ్ళకు అదే మర్యాద. మనింట్లో అలా ఇస్తే చుట్టాలు ఊరంతా చెప్పుకుంటారు. పండుమిరప పచ్చడి ఉంటే బాగుండుననిపించే కుడుములు కూడా పెట్టింది. తింటూ, ఏ విద్య గొప్ప, బయటిదా లోపలిదా అని అడిగాను. ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గర ఉన్న ప్రశ్న. ఆవిడ చాలాసేపు చెప్పింది, వచ్చీరాని ఇంగ్లీషులో. వాళ్ళ నాన్న మొదట పిడికిలే నేర్పాడట, తర్వాత మెత్తదనం నేర్పాడట. ఈ పేర్లేవీ ఆయన నోట వినలేదట. పొద్దున్నే లేచి చెయ్యమనేవాడట, అంతేనట. నూకరాజు నా వంక చూడకుండా కుడుము తింటున్నాడు.

సంతకు బస్సులో

నాలుగో రోజు సరోజినితో కూరగాయలకు వెళ్ళాను. ఇక్కడ బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగుతారు. స్కూలు పిల్లలు కూడా. మా ఊళ్ళో అలా అంటే ఏం తేడా చేశానా అని డ్రైవరు బెంగపడతాడు. మునక్కాడలు నాలుగు కట్టి ఏడు డాలర్లన్నారు. రూపాయల్లోకి మార్చి చూసుకుని కట్ట తిరిగి పెట్టేయబోయాను. "మార్చకండన్నయ్యగారూ, మారిస్తే ఇక్కడ మనిసి బతకలేడు" అంది సరోజిని.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ వంక చూస్తూ అంది. "చలికాలం వస్తే ఆ మోచెయ్యి పీకుతాదండి. ఎవరడిగినా సైకిలు మీంచి పడ్డాననే చెప్తారు. స్వాతికి కూడా అదే తెల్సు."

"నీకు?" అన్నాను.

"నాను ఆవేళ ముందు వరసలో కూకున్నాను కదండి" అంది.

దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్యూ చెప్పాను. సిగ్గుతో నా గొంతు నాకే వినపడలేదు. నూకరాజు నా పరువు ఇరవై ఆరేళ్ళు కాపాడుకొచ్చాడు, సొంత కూతురి దగ్గర కూడా.

బెండిగో

శనివారం స్వాతి మా ఇద్దర్నీ కారులో బెండిగో తీసుకెళ్ళింది. దారంతా ఎండిన గడ్డి, గొర్రెలు, నేను చెప్పిన కంగారూ. బెండిగోలో ఒకప్పుడు బంగారం పడిందట. తవ్వుకోవడానికి చైనా నుంచి వేలమంది వచ్చారట. వాళ్ళు కట్టుకున్న గుడి ఒకటి ఉంది. చిన్నది, ఇటుకలన్నిటికీ ఎర్రరంగు వేసింది. లోపల అగరొత్తుల వాసన, ఒక పక్కన చనిపోయినవాళ్ళ కోసం ప్రత్యేకంగా గది. మనలా గంట కొట్టి గట్టిగా దండకం చదివేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పులు విప్పబోతే అక్కర్లేదన్నారు గాని నేను విప్పేశాను.

నూకరాజు ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాడు. "వచ్చి, మరి తిరిగి ఎల్లలేకపోనోళ్ళురా" అన్నాడు. మళ్ళీ వాడే, "నాను కూడా ఇంక విమానం ఎక్కలేను. డాక్టరు వద్దన్నాడు. మన బీచి ఓపాలి చూద్దామనుకున్నాను" అన్నాడు.

స్వాతి కాఫీలు తేవడానికి వెళ్ళింది. మేము బయట నీడలోకి వచ్చాం. ఇదే అదను అనుకున్నాను. నేను నోరు విప్పేలోగా వాడు వణుకుతున్న కుడి మణికట్టు ఎత్తాడు. "ఓపాలి చెయ్యి కలుపు. ఆవేళ తర్వాత మరి కలపనేదు మనం."

కలిపాను. వాడి చెయ్యి ఎండుకర్రలా బిగుసుకుపోయి ఉంది. తిప్పుతుంటే ఆగి ఆగి కదులుతోంది. ఆ బిగువులోనే ఎక్కడో లోతున పాత నూకరాజు నా చేతిని వెతుక్కుంటున్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వాడు కొంచెం తోశాడు, చీమ తోసినంత. నేను తట్టుకోలేనట్టు రెండడుగులు వెనక్కి తూలాను. "అమ్మో, ఇంకా నీదే పైచెయ్యి!" అన్నాను.

నూకరాజు చెయ్యి దించేశాడు.

"అబద్దం ఆడేవు" అన్నాడు.

"లేదురా..."

"నాకు చెప్పకు. తెల్వదనుకున్నావేటి? నేర్చుకున్నదే అది కదరా." గొంతు వణికింది, అది జబ్బు వణుకు కాదు. "నీ చెయ్యి నాకెప్పుడూ అబద్దం చెప్పనేదు. మోచెయ్యి ఇరిచిన్నాడు కూడా నిజంగానే ఇరిచేవు. ఆవేళ నన్ను నీకు సమానమనుకున్నావు. ఈవేళ జాలి పడ్డావు."

స్వాతి మూడు కాఫీలు తెచ్చింది, ఒక్కోటీ ఆరు డాలర్లట. వాడిది తాగకుండానే చల్లారిపోయింది. నేను క్షమాపణ చెప్పడానికి వచ్చి ఇంకో తప్పు చేశాను. ముప్ఫై ఏళ్ళు చేతుల విద్య నేర్పినవాణ్ణి, చేతులతోనే అబద్ధం ఆడాను, అదీ ఆ భాష నాకన్నా బాగా వచ్చినవాడితో. తర్వాత నాలుగు రోజులు వాడు నాతో బాగానే మాట్లాడాడు. ఇక్కడ చలెలా ఉంది, మీ దగ్గర ఎండలెలా ఉన్నాయి అని.

మళ్ళీ పార్కు

పదకొండో రోజు, నేను బయల్దేరే ముందురోజు పొద్దున్న, వాడే పార్కుకు పిలిచాడు. సరోజిని కూడా వచ్చింది. మిసెస్ లియాంగ్ పాఠం అయ్యాక నూకరాజు గడ్డిలో నా ఎదురుగా నిలబడి మణికట్టు చాపాడు.

"ఈపాలి జాలి పడితే రేపు ఎయిర్‌పోర్టుకి రాను" అన్నాడు.

చెయ్యి ఆనించాను. మొదట వాడి వణుకు నా చేతిలోకి వచ్చింది, భుజం దాకా పాకింది. దాన్ని ఆపబోయి మానుకున్నాను, రానిచ్చాను. అలా వదిలేస్తే, వణుకు కింద వాడి బరువు ఏ కాలి మీదుందో తెలిసింది. ఎప్పుడు మారుతోందో తెలిసింది. గురువుగారు బీచికి రమ్మన్నది దీనికేనని నా అరవై మూడో ఏట అర్థమైంది, వాడు చేతికి అందకుండా పోతున్నప్పుడు. వాడి ఎడమ మడమ తేలింది. నేను తోశాను. మొరటుగా కాదు, నాటకంగానూ కాదు.

నూకరాజు వెల్లకిలా గడ్డిలో పడ్డాడు. సరోజిని కెవ్వుమంది. మిసెస్ లియాంగ్ చెయ్యెత్తి అందర్నీ ఉన్నచోటే ఆపేసింది. మళ్ళీ ఏం విరగ్గొట్టానో అని నేను వాడి మోచెయ్యి వంకే చూశాను.

వాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు లేటు కాలేదు, పడీ పడగానే మొహమంతా వచ్చేసింది. పాతికేళ్ళ నూకరాజు, బీచిలో తడిసి వచ్చి నన్ను ఏడిపించే నూకరాజు.

"బాగుందిరా" అన్నాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు, నడుము సహకరించలేదు. "ఎత్తరా. ఎత్తడానికి మాత్రం నీ విద్యే కావాల."

చంకల కింద చేతులు పెట్టి లేవనెత్తాను. ఇంత తేలికా మనిషి. లేపుతుంటే వాడి ఎడమ మోచెయ్యి నా అరచేతిలోకి వచ్చింది. ఎముక వంకరగా అతుక్కున్న చోటు వేళ్ళకు తగిలింది. వాణ్ణి అలాగే పట్టుకుని, చెవి దగ్గర చెప్పాను. "తప్పు చేశానురా. కావాలనే వదల్లేదు. నన్ను క్షమించు."

వాడు నా భుజం మీద గడ్డం ఆనించి ఊపిరి తీసుకున్నాడు.

"ఈ మాట కోసం నాను కాసుకు కూర్చున్నాననుకున్నావేటి?" అన్నాడు. కొంతసేపటికి అన్నాడు, "కూర్చున్నానురా."

ఇద్దరు ముసలాళ్ళు పార్కులో కావలించుకుని ఏడుస్తుంటే ఆ దేశంలో ఎవరూ ఆగి చూడరు. కుక్కలు పట్టుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. ఒకాయన మాత్రం "హౌ యూ గోయింగ్?" అన్నాడు. ఈసారి నేను జవాబు చెప్పబోలేదు.

తిరిగి వచ్చాక

వచ్చి ఏడు నెలలైంది. ఇప్పుడు నా దగ్గరకొచ్చే పిల్లలు ఇసక బకెట్టు పనయ్యాక కాసేపు మణికట్లు ఆనించి నిలబడతారు. ఎందుకు మాస్టారూ అంటే, చెయ్యండి అంటాను.

నూకరాజు పోయిన నెల నుంచి లేచి నిలబడడం లేదు. మాట కూడా దగ్గరివాళ్ళకే తెలుస్తోంది. ఆదివారం పొద్దున్న వీడియో ఫోన్ చేస్తే సరోజిని మంచం దగ్గర పట్టుకుంటుంది. మొన్న వాడు ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. తర్వాత నెమ్మదిగా మణికట్టు ఎత్తి ఫోనుకు ఆనించాడు. తెరంతా వాడి చెయ్యే అయిపోయింది, మసగ్గా, గోధుమరంగుగా.

నేను లేచి నిలబడి, కాళ్ళు సర్దుకుని, నా మణికట్టు తెరకు ఆనించి కళ్ళు మూసుకున్నాను. చల్లటి గాజు తగిలింది. వణుకు రాలేదు. తోస్తున్నాడో, తోయమంటున్నాడో, బరువు ఎటుందో, ఏమీ తెలియలేదు. అయినా కాలు కదపకుండా, "ఆయన ఎప్పుడో చెయ్యి దించీసేరు అన్నయ్యగారూ" అని సరోజిని అనేదాకా అలాగే నిలబడి ఉన్నాను.